ఫలవృక్షమునకు పొలిమేర

భూమికి హద్దులు నిర్ణయించుటలో మనవారికి గల పట్టుదల లోకవిదితము. జానెడు గట్టు కొఱకు రెండు తరములు వ్యాజ్యమాడిన కుటుంబములు ఏ గ్రామమునకైనను కొత్త గావు. అయితే చెట్టునకును భూమిలో ఒక హద్దు కలదనియు, అది కంటికి కానరాదనియు తలచువారు అరుదు. ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయపు పెరటిలో ఉద్యానమును, ప్రహరిని నిర్మింపదలచినందున, అచ్చటి మామిడిచెట్టును దృష్టియందుంచుకొని పూర్వులీ విషయమున నేమి చెప్పిరో విచారించుట అప్రస్తుతము కానేరదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున పురోపవనములలోని పూలచెట్లకును, పండ్లచెట్లకును, నీడచెట్లకును కీడు చేసినవారికి దండుగలు విధింపబడినవి. చిగుళ్లు త్రుంచినవానికి 6 పణములు. చిన్నకొమ్మ నఱికిన 12. పెద్దకొమ్మ నఱికిన 24. మ్రానునకు దెబ్బ తగిలించిన పూర్వసాహసదండము, చెట్టును పెల్లగించిన మధ్యమసాహసదండము. జీవితమంతయు లెక్కలు వ్రాసినవాని కంటికి ఈ పట్టిక మిక్కిలి ముచ్చట గొలుపును. కాని యీ వరుసలో, చెట్టు నిలిచియుండగానే దాని వేళ్లను మాత్రము నఱికినవానికి వేఱుగా అంకె వేయబడలేదు. కారణము ఊహింపదగినదే. కొమ్మ విరిగిన బాటసారికైన కనబడును. వేరు తెగినచో, మన్ను కప్పిన పిమ్మట త్రవ్వినవానికే జ్ఞాపకముండదు.

ఆ మఱుగును ఛేదించి చూచినవాడు వరాహమిహిరుడు. 6వ శతాబ్దివాడగు నీ మహనీయుడు బృహత్సంహితయందలి వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్టునకు చెట్టునకు 20 హస్తముల యెడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనీసమనియు చెప్పెను. దగ్గరగా పెరిగిన చెట్లు ఒకదానినొకటి తాకుచు, వేళ్లు పెనగొని, పీడితములై చక్కగా ఫలింపవని ఆయన చూపిన హేతువు. హస్తమనగా సుమారు అడుగున్నర. 20 హస్తములు 30 అడుగులు. మన మామిడితోటలలో వాడుకగా విడుచు 10 మీటర్ల యెడము 33 అడుగులు! ఇన్ని శతాబ్దములకు తేడా మూడడుగులే.

ఇదే శాస్త్రమున సురపాలుడు రచించిన గ్రంథముయొక్క వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డున నుండగా, 1996లో సికిందరాబాదునందలి ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్‌వారు ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. ఆ ప్రతి యొకటి మన గ్రంథాలయమున నుండదగును.

తల్లివేరు పాతాళమునకు పోవుననియు, తక్కినవి కొమ్మల నీడను దాటవనియు మనలో ప్రతీతి. తల్లివేరు లోతునకు దిగుట నిజమే. కాని చెట్టునకు అన్నము పెట్టునవి పైపొరలోని సన్నవేళ్లు. అవి నీడను దాటి దూరము వ్యాపించును. వానికి నీరెంత ముఖ్యమో గాలియు నంత ముఖ్యము. బండ్లు త్రొక్కి, ఇటుకలు పేర్చి నేలను గట్టిపరచినచో, ఒక్క వేరు తెగకున్నను వానికి ఊపిరాడదు. సిమెంటు కడిగిన నీరు నేలలో క్షారమును హెచ్చించును. ఫలితము వెంటనే తెలియదు. కొన్నియేండ్లకు ఆకు పాలిపోవును, చిగురు మందగించును, కొమ్మ కొననుండి ఎండును. అప్పటికి గోడ సంగతి మఱచి జనులు ఎండను నిందింతురు, లేదా దృష్టి తగిలినదందురు.

కట్టడముల చెంత చెట్లను కాపాడుటకు బ్రిటనువారు 2012లో సవరించిన ప్రమాణమున నొక సూత్రమున్నది. నేలనుండి మీటరున్నర యెత్తున మ్రాను అడ్డుకొలతకు 12 రెట్లు దూరము చుట్టును వేళ్లకు విడువవలెను. మన మామిడి చుట్టుకొలత ఆ యెత్తున 66 అంగుళములు. అడ్డుకొలత 21 అంగుళములు. దానికి 12 రెట్లు సరిగా 21 అడుగులు. ప్రహరికి ముగ్గు పోసినది 9 అడుగులకు!

స్థలపు హద్దు అచ్చటనే యున్నందున గోడను జరుపుటకు వీలు లేదు. అయినను వలయములోపల పునాదికందకము త్రవ్వనక్కరలేదు. స్తంభములకు మాత్రము చేతిపనిముట్లతో గోతులు తీసి, అంగుళమునకు మించిన వేరు తగిలినచోట గోతిని ప్రక్కకు జరిపి, స్తంభములపై నేల తాకకుండ దూలము వేసి గోడ లేపవచ్చును. జేసీబీ దిగినచో గంటలో పని ముగియును, నిజమే. దాని పండ్లకు వేరును మన్నును ఒక్కటే. కూలి కొంత హెచ్చగును. కందకమునకు పట్టు రాయి, సున్నము మిగులును గనుక మొత్తముమీద భారము పెద్దది కాదని నా అంచనా.

మ్రాను చుట్టును మన్ను పోసి అరుగు కట్టి, నీడలో పత్రికలు చదువుకొందమని పెద్దలు కొందఱు కోరుచున్నారు. కోరిక రమ్యమైనదే. కాని బెరడునకు మన్ను ఎగదోసిన తేమ నిలిచి కుళ్లును. దానికి బదులు నాపరాతి బల్లలు నాలుగు, మ్రానునకు ఎడముగా, నేలను త్రవ్వకుండ వేసిన చదువరులకు లోటుండదు.

పని మొదలగుటకు ముందే 21 అడుగుల త్రాటితో వలయము గీచి, మేకులు పాతి పురికొస కట్టవలెను. ఇటుక, ఇసుక, సిమెంటు బస్తాలు దింపుటకు ఆ వలయమునకు వెలుపల, బావివైపున, కావలసినంత చోటు కలదు.