సంఘం ల్యాప్‌టాప్‌కు తాళం: లినక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్

2011 సెప్టెంబరు 15న మన తిరువళ్ళూరు జిల్లాలోనే మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంతో, విండోస్‌తో పాటు సి-డాక్ వారి బాస్ లినక్స్ కూడా మన ఇళ్ళకు వచ్చింది. కడంబత్తూరులో మా సంఘం సభ్యుల పట్టీ, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళు ఇప్పుడు లినక్స్ మీదే ఉన్నాయి.

లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. హార్డ్‌డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అన్నీ చదవవచ్చు. ఉబుంటు ఎక్కించేటప్పుడే మొత్తం డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే వీలుంది. ఆ పని చేసేది లక్స్. అయితే అప్పుడు పాత ఫైళ్ళన్నీ చెరిగిపోతాయి, ముందే వేరేచోట దాచుకోవాలి.

లక్స్‌లో మాకు బాగా నచ్చింది, ఒకే డిస్క్‌కు పలు పాస్‌వర్డ్‌లు పెట్టుకోగలగడం. పాత రకంలో 8, కొత్తదానిలో 32 దాకా. కార్యదర్శికి ఒకటి, అధ్యక్షులవారికి ఒకటి. పదవి మారితే పాతది తీసి కొత్తది చేర్చవచ్చు.

ఒక్క ఫోల్డర్‌కే కావాలంటే గోక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ ఉంది. ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో ఉండిన హోం ఫోల్డర్ ఎన్‌క్రిప్షన్‌ను 18.04 నుంచి తీసేశారు.

పాస్‌వర్డ్‌లన్నీ మరిస్తే ఇక ఎవరూ తెరవలేరు. తాలూకా ఆఫీసులో నకలుకు అర్జీ పెట్టినట్టు అడగడానికి చోటే లేదు! కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. స్లీప్‌లో ఉంటే ఈ రక్షణ నిలవదు. అరక్కోణం లోకల్ ఎక్కేముందు ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపండి.