బడిలో మనసు వైద్యం: రుజువుల కోసం సాగిన వెతుకులాట



ఇటీవల నా పాత మిత్రుని కుమార్తె మా ఇంటికి వచ్చింది. ఒక పెద్ద పాఠశాలలో కౌన్సెలర్‌గా చేరి ఆరు నెలలైందట. "బాబాయ్ గారూ, ఇంటర్నెట్ నిండా శిక్షణలు, వీడియోలు, అభ్యాస పత్రాలు ఉన్నాయి. అన్నీ శాస్త్రీయమైనవేనని అంటారు. నా దగ్గరకు వచ్చే పిల్లల మీద దేన్ని వాడను, దేన్ని వదిలేయను?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆమె వెళ్లిపోయిన తర్వాత ఈ విషయపు చరిత్రను తిరగేశాను. ఆ చరిత్రలో మీరూ తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నాయి.

బడి పిల్లల మనసుకు వైద్యం అన్న ఆలోచన కొత్తది కాదు. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే ఆచార్యుడు ప్రపంచంలో తొలి మనస్తత్వ చికిత్సాలయాన్ని ఆరంభించాడు. ఆయన దగ్గరకు వచ్చిన మొదటి రోగి అక్షరదోషాలు లేకుండా రాయలేని ఒక బడి పిల్లవాడు. వాణ్ణి తీసుకువచ్చింది తల్లిదండ్రులు కాదు, వాడి పంతులమ్మ. ఈ శాస్త్రం తొలి గడప బడి గడపే అన్నమాట.

ఆ తర్వాత నలభై ఏళ్లకు బోస్టన్ పరిసరాల్లో జరిగిన ఒక ప్రయత్నం గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాని కర్త రిచర్డ్ కాబట్ నా వంటి వైద్యులకు పూజనీయుడు. ఆసుపత్రిలో రోగి ఇంటి పరిస్థితులను కూడా పట్టించుకోవాలని వాదించి, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1905లోనే సామాజిక కార్యకర్తలకు చోటు కల్పించినవాడు. పేద ఇళ్ల పిల్లలు నేరాల బాట పట్టకుండా ఆపడానికి వారికి ఒక పెద్దదిక్కు ఉంటే చాలని ఆయన నమ్మాడు. అయితే నమ్మకంతో ఊరుకోలేదు. దాన్ని పరీక్షకు పెట్టాడు. ఆయన గొప్పదనం అక్కడే ఉంది.

కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అనే రెండు పట్టణాల నుండి మగపిల్లలను ఎంచుకుని, వయసులోనూ కుటుంబంలోనూ స్వభావంలోనూ పోలిక ఉన్నవారిని జతలుగా కూర్చారు. ప్రతి జతలో ఎవరికి సాయం అందాలో నాణెం ఎగరేసి తేల్చారు. కార్యక్రమం 1939లో మొదలైంది. కాబట్ అదే సంవత్సరం కన్నుమూసినా పని ఆగలేదు. యుద్ధకాలంలో సలహాదారులు తగ్గిపోవడంతో కొందరు పిల్లలను విరమింపజేయగా, చివరకు 506 మంది, అంటే 253 జతలు మిగిలాయి. సగటున అయిదేళ్ల పాటు, నెలకు రెండుసార్ల చొప్పున సలహాదారులు పిల్లల ఇళ్లకు వెళ్లారు. చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. ఎవరికి తోచిన పద్ధతిలో వారు ఆదరించారు. 1945 చివరలో కార్యక్రమం ముగిసింది.

తొలి పరిశీలనలో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ఇంకా పిల్లలే కదా, ఫలం పండటానికి సమయం పడుతుందని సరిపెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు గడిచాక జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు, అప్పటికి నడివయసుకు చేరిన ఆ పిల్లలను వెతికి పట్టుకుంది. సాయం పొందినవారిని అడిగితే, మూడింట రెండు వంతుల మంది తమకెంతో మేలు జరిగిందనే చెప్పారు. కొందరు సలహాదారులను ప్రేమతో తలచుకున్నారు. కానీ కోర్టు, ఆసుపత్రి, మరణ రికార్డులు మరో కథ చెప్పాయి. సాయం అందుకున్నవారిలోనే మళ్లీ మళ్లీ నేరం చేసినవారు, మద్యానికి బానిసలైనవారు, తీవ్రమైన మానసిక వ్యాధికి గురైనవారు, చిన్న వయసులో చనిపోయినవారు ఎక్కువ. ఈ ఫలితాలు 1978లో వెలువడ్డాయి.

ఇరవై ఏళ్ల తర్వాత మెకార్డ్, ఆమె సహచరులు మరింత తరచి చూస్తే, వేసవి శిబిరాలకు ఒకటికన్నా ఎక్కువసార్లు వెళ్లినవారికే ఎక్కువ నష్టం జరిగినట్లు కనిపించింది. దారి తప్పే అవకాశం ఉన్న పిల్లలందరినీ ఒకచోట చేరిస్తే ఒకరి నుంచి ఒకరు ఏమి నేర్చుకుంటారో ఊహించడం కష్టం కాదు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నాణెం ఎగరేయకపోయి ఉంటే, పోల్చి చూడటానికి ఆ రెండో గుంపు లేకపోయి ఉంటే, ఈ కార్యక్రమం ఈనాటికీ ఘనవిజయంగా కీర్తింపబడుతూ ఉండేది. సాక్ష్యం చెప్పడానికి వందమందికి పైగా కృతజ్ఞులు ఉన్నారు మరి! వైద్యవృత్తిలో నలభై ఏళ్లు గడిపిన నేను కూడా, "మీ మందు బాగా పనిచేసింది డాక్టరు గారూ" అన్న మాటను రుజువుగా భావించిన రోజులు ఉన్నాయని ఒప్పుకోవాలి.

ఇక లాస్ ఏంజిలిస్‌కు వద్దాం. 1984 ఫిబ్రవరిలో ఆ నగరంలోని 49వ వీధి ప్రాథమిక పాఠశాల ఆటస్థలంపై ఎదురింటి నుంచి ఒక వ్యక్తి తుపాకీతో కాల్పులు జరిపాడు. రాబర్ట్ పైనూస్ బృందం ఆ బడిలోని 159 మంది పిల్లలను పరిశీలించి, కాల్పులకు ఎంత దగ్గరలో ఉన్నవారికి అంత తీవ్రంగా పీడకలలు, ఉలికిపాట్లు వచ్చాయని చూపింది. పిల్లలు త్వరగా మరచిపోతారన్న పెద్దల ఊరడింపు తప్పని తేలింది.

ఆ నగరపు బడులలోనే తర్వాత 'సీబిట్స్' అనే చికిత్సా పద్ధతి రూపుదిద్దుకుంది. బడిలో, బడి సామాజిక కార్యకర్తలే ఇవ్వగలిగేలా దాన్ని తయారుచేశారు. హింసను చూసిన పిల్లలను అయిదు నుండి ఎనిమిది మంది చొప్పున కూర్చోబెట్టి, వారానికి ఒక పీరియడు వంతున పది వారాలు నడుపుతారు. శరీరాన్ని సడలించుకోవడం, భయపెట్టే ఆలోచనను నిలదీసి చూడటం, తప్పించుకు తిరుగుతున్న చోటికి మెల్లమెల్లగా తిరిగి వెళ్లడం నేర్పుతారు. జరిగిన ఘోరాన్ని మాత్రం గుంపులో కాక, విడిగా కౌన్సెలర్ ముందు చెప్పుకునే ఏర్పాటు కూడా ఉంది.

దీని మీద జరిగిన ప్రయోగం 2003లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో వచ్చింది. ఆరవ తరగతి పిల్లలు 126 మంది. సగం మందికి వెంటనే, సగం మందికి కొన్ని నెలలు ఆగి చికిత్స ఇచ్చారు. మూడు నెలలకు చూస్తే, వెంటనే చికిత్స పొందినవారి ఆఘాత లక్షణాల స్కోరు సగటున 8.9, ఎదురుచూస్తున్నవారిది 15.5. వారికీ చికిత్స అందాక తేడా చెరిగిపోయింది. తరగతిలో పిల్లల ప్రవర్తన మారిందా అంటే, ఉపాధ్యాయులు చెప్పుకోదగిన తేడా గమనించలేదు. ఈ చివరి సంగతిని దాచకుండా చెప్పినందుకే ఆ పరిశోధన మీద నాకు గౌరవం పెరిగింది.

2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచిన తర్వాత అక్కడ మరో పోలిక జరిగింది. కొందరు పిల్లలకు బడిలో ఈ పద్ధతి, మరికొందరికి క్లినిక్‌లో మరో మంచి పద్ధతి. రెండూ మేలు చేశాయి. కానీ బడిలో 98 శాతం మంది చికిత్స మొదలుపెట్టగా, క్లినిక్‌కు వెళ్లి మొదలుపెట్టినవారు 37 శాతమే. పూర్తి చేసినవారు బడిలో 91 శాతం, క్లినిక్‌లో 15 శాతం! పని మానుకుని, బస్సెక్కి, బిడ్డను ఆసుపత్రికి తీసుకురావడం ఎంత కష్టమో మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్నెట్ రంగప్రవేశం చేసింది కూడా ఆ కాలంలోనే. దక్షిణ కరోలినా వైద్య విశ్వవిద్యాలయం 2005లో, ఆఘాతానికి గురైన పిల్లల చికిత్సను పది గంటల ఆన్‌లైన్ పాఠంగా మలచి ఉచితంగా అందించింది. సీబిట్స్ రూపకర్తలూ ఆ దారినే నడిచారు. చికిత్సకులు లేని బడులలో ఉపాధ్యాయులే నడపగలిగేలా రాసిన సరళమైన పాఠాన్ని రాండ్ సంస్థ ఎవరైనా ఉచితంగా దింపుకునేలా ఉంచింది. అంతకుముందు పెద్ద నగరాల్లో ఖరీదైన సదస్సులకు వెళ్లగలిగినవారికే దక్కిన విద్య మారుమూల బడి కౌన్సెలర్ ముంగిటికి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే పాఠం చదివినంత మాత్రాన చేయి తిరుగుతుందా? 2005లోనే వెలువడిన ఒక అధ్యయనంలో 78 మంది చికిత్సకులను మూడు గుంపులు చేశారు. ఒకరికి పుస్తకం మాత్రమే, ఒకరికి పుస్తకంతో పాటు వెబ్‌సైట్ శిక్షణ, ఒకరికి పుస్తకంతో పాటు ప్రత్యక్ష శిక్షణ, ఆపై అనుభవజ్ఞుల పర్యవేక్షణ. మూడో గుంపే అందరికన్నా నేర్పు చూపింది. వెబ్‌సైట్ వారు నడుమ నిలిచారు. కుట్లు వేయడం నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. పక్కన నిలబడి నా చేతి మీద ఒక్క దెబ్బ వేసిన మా సర్జన్ గారి వల్ల నేర్చుకున్నాను.

జాబితాలనైనా గుడ్డిగా నమ్మవచ్చా అంటే, అదీ లేదు. రుజువున్న కార్యక్రమాల పట్టిక ఒకటి అమెరికా ప్రభుత్వమే చాలా కాలం ఇంటర్నెట్‌లో నడిపింది. అందులోని ఎన్నో కార్యక్రమాలకు రుజువులు వాటి రూపకర్తలే సమకూర్చుకున్నవని విమర్శలు వచ్చాయి. 2018 జనవరిలో ఆ పట్టికను నిలిపివేశారు. బ్రిటన్‌లో తరగతి మొత్తానికి ధ్యానం నేర్పితే పిల్లల మనసు కుదుటపడుతుందని ఎంతోమంది ఆశించారు. 85 బడులలో, ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు బోధనకన్నా అదనపు మేలు కనిపించలేదు.

మన దేశంలోనూ మంచి పరీక్షలు జరిగాయి. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో సంగత్ సంస్థ చేసిన ప్రయోగం 2020లో ప్రచురితమైంది. మనోవైద్యులు కాని యువ కౌన్సెలర్లు, నాలుగైదు సార్లు కలిసి, సమస్యను విడమరచి పరిష్కారాలు ఎంచుకోవడం పిల్లలకు నేర్పారు. బొమ్మల కథల పుస్తకాలు మాత్రమే అందుకున్నవారితో పోలిస్తే, కౌన్సెలర్‌ను కలిసినవారి నిత్యజీవిత సమస్యలు ఎక్కువగా తగ్గాయి. బిహార్‌లోని నలందా జిల్లాలో 'సెహర్' పేరుతో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగిన ప్రయోగం మనకు మరీ పనికొస్తుంది. బడి వాతావరణాన్ని మార్చే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడులలో ప్రత్యేకంగా నియమించిన కౌన్సెలర్‌కు, కొన్నింటిలో అక్కడి ఉపాధ్యాయునికి అప్పగించారు. కౌన్సెలర్ ఉన్న బడులలో దిగులు, వేధింపులు తగ్గాయి. 17 నెలలకు ఆ మేలు మరింత పెరిగింది. ఉపాధ్యాయునికి అప్పగించిన బడులలో ఫలితమే లేదు. ఉన్న పాఠాలకు తోడు ఇదీ మోయమంటే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నా మిత్రుని కుమార్తెకు ఈ వివరాలన్నీ రాసి పంపాను. ఏ పాఠం తెరిచినా ముందు మూడు ప్రశ్నలు అడగమన్నాను: దీన్ని ఎవరితో పోల్చి పరీక్షించారు, పరీక్షించింది రూపకర్తలేనా, నేను తడబడితే దిద్దేవారు ఎవరు? మూడోదానికి జవాబుగా ఆమె తన ఊళ్లోని ఒక మనోవైద్యురాలితో నెలకు రెండు గంటలు మాట్లాడే ఏర్పాటు చేసుకుందట. మీ ఇంట్లోనో, మీ బడిలోనో ఎవరైనా బిడ్డ దిగులుతో ముడుచుకుపోతూ ఉంటే, చేరువలో ఇటువంటి కౌన్సెలర్ లేకపోతే, కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.