వేగం – ఆకృతి – నియమం: రికంబెంట్ సైకిలు చరిత్ర, కృష్ణా డెల్టా అన్వయం

వ్యాససంగ్రహం: వెనుకకు వాలి కూర్చుని, కాళ్లను ముందుకు చాచి తొక్కే రికంబెంట్ సైకిలు సమతలంపై సాధారణ సైకిలును మించి సాగగలదని 1933లోనే వెల్లడైంది. అయినా లోకమంతటా రోడ్లపై నిలిచింది సాధారణ సైకిలే. ఇందుకు గల కారణాలను ఐరోపా పందేల చరిత్ర నుంచి, విజయవాడ పరిసర డెల్టా ప్రజల రాకపోకల తీరు నుంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సైకిలు, రికంబెంట్, గంట రికార్డు, గాలి నిరోధం, కృష్ణా డెల్టా, కాలువగట్లు.

1. ఉపోద్ఘాతం

ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల నడుమగా కృష్ణానది డెల్టాలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి మచిలీపట్నం దాకా, సుమారు 70 కిలోమీటర్ల మేర, నేల వాలు కంటికి ఆననంత స్వల్పం. 1855లో విజయవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట నుంచి ఈ స్వల్పమైన వాలు ఆధారంగానే కాలువలు పారాయి. కాలువగట్లు పల్లెలకు బాటలయ్యాయి. ఎక్కుడు లేని ఇటువంటి దారిపై వేగంగా సాగదలచిన సైకిలుకు ప్రధానమైన అడ్డంకి గాలి. ఎదురుగాలిలో సైకిలు తొక్కడమంటే ఏమిటో మధ్యాహ్నవేళ బందరు వైపు ప్రయాణించిన వారికి ఎవరూ వివరించనక్కరలేదు.

గాలి నిరోధాన్ని తగ్గించే ఆకృతి ఒకటి తొంభై ఏళ్ల క్రితమే సిద్ధమైనప్పుడు, చదునైన ఈ నేలపై అది ఎందుకు వ్యాపించలేదు? వేగాల పోలికతో మాత్రమే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

2. వేగానికి మూలసూత్రం

సైకిలుపై వెళ్లే వ్యక్తిని మూడు శక్తులు వెనక్కు లాగుతాయి. అవి గాలి నిరోధం, నేలపై టైరు దొర్లేటప్పుడు కలిగే నిరోధం, ఎక్కుడులో భూమ్యాకర్షణ. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దానిని అధిగమించడానికి క్షణక్షణం వెచ్చించవలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కనుక పందెపు వేగంలో తొక్కేవాడి శ్రమలో అధికభాగం గాలిని తోయడానికే సరిపోతుంది. నిటారుగా కూర్చున్నవాడి ఛాతీ గాలికి అడ్డుగోడ వంటిది. వెనుకకు వాలినవాడు గాలికి ఎదురుపడే వైశాల్యం తక్కువ. రికంబెంట్ సైకిలుకు గల అనుకూలత ఇదే.

అయితే ఎక్కుడులో ఈ అనుకూలత క్షీణిస్తుంది. అక్కడ వేగం తగ్గి, బరువు ప్రధానమవుతుంది. రికంబెంట్ సైకిలు సాధారణంగా ఎక్కువ బరువుంటుంది. పెడళ్లపై లేచి నిలబడి శరీరభారంతో తొక్కే వీలు అందులో లేదు.

3. 1933: ఒకే వేసవిలో రెండు రికార్డులు

ఒక గంటలో ఎంత దూరం తొక్కగలరన్నది సైకిలు పందేలలో అత్యంత గౌరవనీయమైన కొలమానం. 1914లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆస్కార్ ఎగ్ 44.247 కిలోమీటర్లు తొక్కి నెలకొల్పిన రికార్డు దాదాపు ఇరవై ఏళ్లు నిలిచింది. 1933 జులై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ దానిని దాటి 45.055 కిలోమీటర్లు సాధించాడు. అతడు అగ్రశ్రేణి పందెగాడు కాడు. అతడు తొక్కినది ఛార్లెస్ మోషే నిర్మించిన ‘వెలోకార్’ అనే రికంబెంట్ సైకిలు. ఆగస్టు 29న మారిస్ రిషార్ సాధారణ సైకిలుపై 44.777 కిలోమీటర్లు తొక్కి ఎగ్ రికార్డును అధిగమించాడు.

రెండింటి మధ్య తేడా గంటకు 278 మీటర్లు. ఈ తేడా చిన్నదే. తొక్కినవారు వేర్వేరు కనుక దీనిని కేవలం యంత్రానికే ఆపాదించడం సరికాదు. కాని రెండవశ్రేణి పందెగాడు అగ్రశ్రేణి వారిని మించిపోవడం యంత్రం గురించే చర్చ లేవదీసింది. తరువాత గాలిని చీల్చే పైతొడుగుతో అదే ఫోర్ 1939లో గంటకు 50 కిలోమీటర్లు దాటాడు. సాధారణ సైకిలుపై ఆ హద్దును తొలిసారి ఫ్రాన్సెస్కో మోజర్ 1984లో దాటాడు. రెండింటి నడుమ అంతరం 45 ఏళ్లు.

4. 1934: నిర్వచనం చేసిన పని

ఫోర్ రికార్డును ఆమోదించాలా వద్దా అన్న ప్రశ్న అంతర్జాతీయ సైకిలు సమాఖ్య ముందుకు వచ్చింది. నిజానికి చర్చ వేగం గురించి కాదు, ‘సైకిలు అంటే ఏమిటి?’ అన్నదాని గురించి. పెడళ్ల ఇరుసుకు సీటు ఎంత వెనుక ఉండవచ్చు వంటి కొలతలతో 1934లో సమాఖ్య నిర్వచనం చేసింది. ఆ నిర్వచనంలో వెలోకార్ ఇమడలేదు. మోషే అదే ఏడాది మరణించాడు.

ఆటలో మనిషి సత్తాను కొలవాలంటే అందరి యంత్రమూ ఒకే తీరున ఉండాలన్న వాదన అర్థంలేనిది కాదు. కాని పందెంలో చోటు లేని యంత్రానికి పేరు రాదు. పేరు రాని యంత్రాన్ని పెద్ద కర్మాగారాలు తయారు చేయవు. రికంబెంట్ సైకిలు ఔత్సాహికుల పరిధికి పరిమితమైంది. అయినా ఆ పరిధిలోనే 2016లో అమెరికాలోని నెవాడాలో, పూర్తి పైతొడుగు గల రికంబెంట్‌పై టాడ్ రైకర్ట్ గంటకు 144.17 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు.

5. డెల్టాలో సైకిలు: వేగం కన్నా మోతే ప్రధానం

పందేల నియమం డెల్టాకు నేరుగా వర్తించలేదు. ఇక్కడికి వచ్చింది బ్రిటిష్ వారి బరువైన రోడ్‌స్టర్ సైకిలు. మద్రాసులో 1949లో ఆరంభమైన టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో 1951లో ఆరంభమైన అట్లాస్, లుధియానాలో 1956లో ఆరంభమైన హీరో సంస్థలు ప్రధానంగా ఆ నమూనానే కొనసాగించాయి.

ఈ నమూనాను ఇక్కడి పని కూడా సమర్థించింది. వెనుక క్యారేజీపై బియ్యపు బస్తా, ఇరుపక్కల పాలక్యాన్లు, ముందు కడ్డీపై పిల్లవాడు ఇందులో ఇమిడిపోతారు. బరువు మించితే దిగి, హ్యాండిలు పట్టుకొని, బండినే తోపుడుబండిగా నడిపించవచ్చు. కాలువ వంతెన ఎక్కేటప్పుడు పెడళ్లపై లేచి తొక్కవచ్చు. వానకు తడిసిన నల్లమట్టి గట్టుపై చక్రం జారితే వెంటనే కాలు ఆనించవచ్చు. బీసెంట్ రోడ్డు వంటి రద్దీ వీధిలో నిటారుగా కూర్చున్నవాడు నలుగురికీ కనిపిస్తాడు. నేలకు దగ్గరగా వాలి, కాళ్లు ముందుకు చాచి కూర్చున్న వారికి ఈ సౌకర్యాలలో చాలావరకు అందవు. పైగా బరువుతో గంటకు 12, 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి గాలికన్నా బరువు, టైరు, గతుకుల బాటే పెద్ద భారం. సూత్రరీత్యా కూడా ఇక్కడ రికంబెంట్ ఆధిక్యం స్వల్పమే.

సైకిలుకు ఇక్కడ లభించిన సామాజిక గౌరవం కూడా వేగం వల్ల వచ్చింది కాదు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య, అంతకుముందు రాజ్యసభ సభ్యుడిగా పార్లమెంటుకు సైకిలుపై వెళ్లడం సుప్రసిద్ధం. ఆ దృశ్యంలో సైకిలు నిరాడంబరతకు చిహ్నం.

6. ముగింపు

సమతలంపై, బరువు లేకుండా, వేగంగా వెళ్లవలసి వస్తే రికంబెంట్ సైకిలుదే పైచేయి. పైతొడుగు చేరితే ఆ ఆధిక్యం బహుళమవుతుంది. ఎక్కుడులో, బరువుతో, రద్దీలో సాధారణ సైకిలు మేలు. కనుక మనం ‘సాధారణం’ అంటున్న ఆకృతి సహజసిద్ధమైనది కాదు. ఐరోపాలో ఒక నిర్వచనం, డెల్టాలో ఒక బతుకుతెరువు దానిని స్థిరపరచాయి. మొదటిది కాగితంపై రాసిన నియమం, రెండవది గట్లమీద పని నేర్పిన నియమం. అయితే పని నేర్పిన నియమం పనివాడి అవసరం తీరిందనడానికి రుజువు కాదు. పందెపు సైకిలును తేలిక పరచడానికి దశాబ్దాలుగా సాగిన పరిశోధనలో, బస్తాతో ఎదురుగాలిలో వెళ్లేవాడి బండికి దక్కిన వాటా అత్యల్పం. వేగాలను పోల్చే చరిత్రకారులు ఎవరి వేగాన్ని, ఏ బరువుతో, ఏ దారిపై కొలుస్తున్నారో ముందుగా నిర్ధారించుకోవడం అవసరం.