చందుపట్ల శాసనం తరగతి గదికి రావాలి

కాకతి రుద్రమదేవి 1262 నుంచి 1289 వరకు పాలించిందని ఇప్పటి పిల్లలు పరీక్షలో రాస్తున్నారు. వాళ్ల పెద్దల తరం అదే ప్రశ్నకు 1295 అనో, 1296 అనో రాసి మార్కులు తెచ్చుకుంది. ఇద్దరూ పుస్తకంలో ఉన్నదే రాశారు. మధ్యలో ఆ ఆరేడేళ్లు ఎందుకు తగ్గాయో, దేన్ని చూసి తగ్గించారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చరిత్ర అనే విద్య ఉన్నదే అక్కడ. తేదీ చరిత్రకారుడు చేరుకున్న ఫలితం. ఆయన నడిచిన దారిని దాచిపెట్టి ఫలితాన్ని మాత్రం చేతిలో పెడితే పిల్లలకు దక్కేది జ్ఞాపకశక్తి పరీక్షే. సాంఘిక శాస్త్రం పాఠం ప్రశ్నతో మొదలవ్వాలనీ, ఆధారాలను పిల్లల ముందు పెట్టి తీర్పు వాళ్లచేతే చెప్పించాలనీ నేను గట్టిగా వాదించేది అందుకే.

తేదీ మారడానికి కారణమైన ఆధారం నల్గొండ జిల్లా నకిరేకల్ మండలం చందుపట్లలో ఉంది. పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి వేయించిన దానశాసనం అది. శివలోకానికి చేరిన కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నానని అందులో చెప్పాడు. కాలం శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర మాసం. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? శక సంవత్సరానికి 78 కలిపితే 1289 వస్తుంది. లెక్క సరిపోయిందో లేదో వాళ్లే సరిచూసుకోవచ్చు. 2009 ఉగాదికి మొదలైంది విరోధి నామ సంవత్సరం. అరవయ్యేసి ఏళ్ల చొప్పున పన్నెండు సార్లు వెనక్కి వెళ్తే సరిగ్గా 1289 దగ్గర ఆగుతాం. ఆ మార్గశిరం నాటికి రుద్రమ లేదన్నది ఇక వాళ్లకు గట్టిగా తెలుస్తుంది, పుస్తకం చెప్పినందుకు కాదు, తాము లెక్కగట్టినందుకు.

ఆ తర్వాతి ప్రశ్న ఇంకా విలువైనది. ఆమె ఎలా చనిపోయింది? చందుపట్ల శాసనం ఆ సంగతి చెప్పదు. ఆమెపై తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడు 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనం ఒకటుంది. మల్లికార్జునపతికి ఏడు అంగాలు లేకుండా చేశానని అందులో గొప్పగా చెప్పుకున్నాడు. రాజ్యానికి ఉండే సప్తాంగాల్లో రాజు మొదటివాడు కాబట్టి, శాసన పరిశోధకుడు పి.వి.పరబ్రహ్మశాస్త్రి ఈ రెండు శాసనాలనూ కలిపి చదివి, అంబదేవుడితో జరిగిన పోరులోనే రుద్రమ నేలకొరిగి ఉంటుందని నిర్ణయించారు. ఆ తర్కం బలమైనదే. అయినా అది ఊహ; మార్గశిరం నాటికి ఆమె లేదన్నంత గట్టి సంగతి కాదు. రాయి చెప్పినదేమిటో, మనం చేర్చుకున్నదేమిటో విడదీసి చూడటం పదమూడేళ్లకు అలవాటైతే, రేపు ఫోన్లో వచ్చే ప్రతి వార్తనూ ఆ పిల్లలు అదే కంటితో చూస్తారు.

ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు పాఠం మరింత పండుతుంది. మోటుపల్లి రాజ్యాన్ని, రాజైన భర్త పోయాక, రాణి నలభై ఏళ్లుగా పాలిస్తోందని మార్కోపోలో చెప్పాడు. ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు అని 1261 నాటి మల్కాపురం శాసనం చెబుతోంది. పోలో తన యాత్రా విశేషాలు చెప్పి రాయించింది 1298 ప్రాంతంలో, జెనోవా చెరసాలలో, జ్ఞాపకం మీద ఆధారపడి. శాసనం ఆమె జీవించి ఉన్న కాలానిది, ఆమె దానాన్ని నమోదు చేసినది. ఏ సాక్షి దగ్గరివాడు, ఏ సాక్షి దూరపువాడు అన్నది పిల్లలు తేల్చుకోగలరు. పోలో తప్పు చెప్పాడు కాబట్టి పనికిరాడని కొట్టిపారేయకుండా, ఒక స్త్రీ పాలన గురించిన వార్త సముద్రాలు దాటి వెళ్లిందన్నదానికి అతనే సాక్ష్యమని కూడా వాళ్లు పట్టుకోగలరు.

ముందు విషయం తెలియనిదే ప్రశ్న ఎక్కడినుంచి వస్తుందని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన మాట. గణపతిదేవుడు ముందో, ప్రతాపరుద్రుడు ముందో తెలియని విద్యార్థికి చందుపట్ల శాసనం చూపిస్తే అర్థం కాదు. కాబట్టి కాలక్రమం నేర్పాల్సిందే, కొన్ని తేదీలు నోటికి రావాల్సిందే. ప్రతి పాఠాన్నీ ఇలా నడపమని ఎవరూ అనరు. ఏడాదికి మూడు నాలుగు చాలు. పిల్లలకు పాత లిపి రాదన్నది పెద్ద అడ్డంకి కాదు, పండితులు పరిష్కరించిన పాఠంలో నాలుగు పంక్తులు, కష్టమైన మాటలకు అర్థాలు ఇస్తే సరిపోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. అన్వేషణ పేరుతో ప్రాజెక్టు పని ఇస్తున్నాం, అది దుకాణంలో కొన్న బొమ్మల చార్టు అతికించడంతో ముగుస్తోంది. ప్రశ్న లేని చోట చార్టు ఎంత రంగులమయమైనా బట్టీ చదువే.

అసలు చిక్కు పరీక్షలోనే ఉంది. మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ 1980లలో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో సాంఘిక శాస్త్రాన్ని కొత్త దారిలో బోధించినప్పుడు పరీక్షనూ మార్చింది, పుస్తకం చూసి రాయనిచ్చింది. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు తేదీ అడిగి లాభం లేదు, కారణమే అడగాలి. అక్కడి ప్రభుత్వం 2002లో ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. పదేళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కొత్త సాంఘిక శాస్త్రం పుస్తకాలు తయారుచేసినప్పుడు ఆ సంస్థవారు పాలుపంచుకున్నారు. ఆలోచించి జవాబివ్వాల్సిన ప్రశ్నలు మన పుస్తకాల్లోకి వచ్చాయి. కానీ ఆ ప్రశ్నలకూ గైడ్లలో సిద్ధంగా జవాబులు దొరికితే, అవి మళ్లీ బట్టీకే వెళ్తాయి. అందుకే పుస్తకాలతోపాటు ప్రశ్నపత్రం మారాలి. రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరేది చిన్న పనే: వచ్చే పదో తరగతి ప్రశ్నపత్రంలో ఒక శాసన పాఠం ముద్రించండి, దాని కింద ఒకే ప్రశ్న అడగండి. దీన్నిబట్టి మనకు కచ్చితంగా తెలిసేదేమిటి, తెలియనిదేమిటి?