వాననీటి జమాఖర్చు

వాననీళ్లు వీధి పాలు కావడం మంచిదా, ఉన్నచోటే భూమిలో ఇంకడం మంచిదా అని అడిగితే ఇంకడమే మంచిదని ఎవరైనా చెబుతారు. అలా చెప్పడానికి కాణీ ఖర్చు లేదు. ఆ నీటికి చోటివ్వడంలోనే ఉంది ఖర్చంతా. చెరువుకి చోటు, తోటకి చోటు, ఆఖరికి మన వాకిట్లో సిమెంటు చెయ్యకుండా వదిలే నాలుగడుగుల మట్టికి చోటు. పట్నంలో గజం నేల ఎంత పలుకుతోందో మీకు నేను వేరే చెప్పాలా? ఈ జమాఖర్చు హైదరాబాదు నగరంలో నూరేళ్లకి పైగా ఎలా నడిచిందో ఈవేళ చూద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఊరి మీద పడింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడి అది. 1901 లెక్కల్లో నాలుగున్నర లక్షల జనం కూడా లేని ఆ నగరంలో సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఆ చెట్టు మాట వినే ఉంటారు.

మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నీళ్ల రాకపోకలన్నీ లెక్క తీశారు. మూసీకి నీరు చేర్చే ప్రాంతంలో 788 చెరువులుంటే, ఆ వరదలో 221 తెగిపోయాయట! చెరువులుంటే చాలు, వరద భయం లేదనుకునేవాళ్లకి ఈ అంకె కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మామూలు వానని పట్టి ఉంచేది చెరువే. అలుగు చాలక కట్ట తెగితే, ఆ నీళ్లన్నీ దిగువ చెరువు మీద ఒక్కసారిగా పడతాయి. అప్పుడు అదీ తెగుతుంది.

అందుకే ఊరికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టమన్నారాయన. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927 నాటికి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరదకి అడ్డుకట్ట, తాగడానికి నీళ్లు, రెండూ అమిరాయి. అయితే ఇందులో ఒక చిక్కుంది చూడండి. తాగునీటికైతే చెరువు నిండుగా ఉండాలి, వరదకైతే వెలితిగా ఉండాలి. నిండు బిందెలో ఇంకో చెంబు పొయ్యలేం కదా!

ఆ జలాశయాలకి చేరే నీరు చెడకుండా 1996లో ప్రభుత్వం 111వ నంబరు జీవో తెచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలకీ పరిశ్రమలకీ అడ్డుకట్ట వేసింది. నీళ్లు నగరానికి దక్కాయి. అమ్ముకుందామంటే నేలకి ధర రాని బాధ మాత్రం ఆ పల్లెల రైతులకి మిగిలింది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తాము కళ్లప్పగించి చూడవలసి వచ్చిందని వాళ్లు మొత్తుకున్నారు. ఆ మాటలో న్యాయం లేదనలేను. నేలని ఖాళీగా ఉంచినందుకు వాళ్లకి ఏటా ఇంతని ముట్టజెప్పి ఉంటే సరిపోయేదని నాకనిపిస్తుంది. 2022లో అప్పటి రాష్ట్రప్రభుత్వం ఆ ఆంక్షలని ఎత్తివేస్తూ మరో జీవో ఇచ్చింది. ఖర్చు ఒకరిదీ, లాభం మరొకరిదీ అయిన ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక రెండోవైపు ఖర్చు. 2020 అక్టోబరు వానల్లో పల్లెచెరువు, గుర్రంచెరువు గట్లు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు, బీరువాలో దాచుకున్న కాగితాలు అన్నీ బురదే. ఈ నష్టాన్ని ఏ గజం ధరలో కలిపి చూపిస్తారు?

మన ఇంటి సంగతికి వస్తే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం తర్వాత ఇంకుడు గుంత మాట అందరికీ తెలిసింది. దాని శక్తి ఎంతో చేతివేళ్ల మీద లెక్క కట్టవచ్చు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 900 లీటర్లు, అంటే 60 బిందెలు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంతలో రాళ్లూ కంకరా పోను పట్టేది రమారమి అంతే. చిన్న వానలన్నీ అందులో ఇంకిపోతాయి, బోరుకి ఊపిరి వస్తుంది. కుండపోతగా పది సెంటీమీటర్లు పడితే మాత్రం చాలా నీళ్లు వీధిలోకే పోతాయి. కనుక గుంత తవ్వాం, ఇక చెరువు పూడ్చినా ఫరవాలేదని ఎవరైనా అంటే నమ్మకండి. రెండింటి పనులూ వేరు.

గుంత తవ్వించేది ఒక్కసారే. కనిపెట్టి ఉండవలసింది ఏటేటా. ఆ పని ఎవరి మీద పడుతుందో మీకూ తెలుసు! మరుగుదొడ్డి తొట్టికి దూరంగా తవ్వించండి. డాబా కడిగిన తొలివాన నీటిని లోపలికి పోనివ్వకండి. పైన పేరుకున్న ఒండ్రు తీయించి ఇసుక మార్చడం మే నెలలోనే కానివ్వండి. తొలకరి పడ్డాక కూలిమనిషి దొరకడు.