ప్రత్తి పొర – పగిలినను చెదరని గాజు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పండు ప్రత్తికిని, తలుపులకు బిగించు గాజుపలకకును సంబంధ మున్నదనిన వింతగా తోచును. కాని సేఫ్టీ గాజు చరిత్ర ప్రత్తితో ముడిపడియే యున్నది.

ప్రత్తిపింజలో అధికభాగము సెల్యులోజు. 1846లో షోన్‌బైన్ దానిపై నత్రికామ్ల, గంధకామ్లముల మిశ్రమమును ప్రయోగించి నైట్రోసెల్యులోజును తయారుచేసెను. 1903లో ఫ్రాన్సు దేశమున బెనెడిక్టస్ అను రసాయనజ్ఞుని ప్రయోగశాలలో ఒక గాజుకుప్పె నేలబడి బీటలువారెను గాని, ముక్కలు చెదరలేదు. లోపల ఎండిన నైట్రోసెల్యులోజు పొర వానిని పట్టియుంచెను. రెండు పలకల నడుమ అట్టి పొరనుంచు పద్ధతికి 1909లో ఆయన పేటెంటు పొందెను. ఇదియే లామినేటెడు గాజు. ఎండకు ఆ పొర పసుపెక్కుచుండుటచే, 1930 తరువాతి దశకములో పాలీవినైల్ బ్యుటిరాల్ దాని స్థానమునకు వచ్చెను.

టఫెన్డు గాజు వేరు. పలకను 600 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి కాచి, చల్లగాలితో చప్పున చల్లార్చుదురు. పైభాగము ముందుగా గట్టిపడును. లోభాగము తరువాత ముడుచుకొనుచు దానిని బిగించును. అందుచే దెబ్బకు ఓర్చును. పగిలినచో సన్నని పలుకులుగా రాలును. తయారైన పిమ్మట దీనిని కోయరాదు.

వీనిని గుర్తించుటెట్లు? లామినేటెడు గాజు అంచున పొరలు కనబడును. టఫెన్డు గాజు మూలను సాధారణముగా చెరగని ముద్ర యుండును. భారతీయ ప్రమాణసంఖ్య ఐ.ఎస్. 2553. మామూలు గాజు కత్తులవంటి పెంకులగును. కావున పిల్లలు తిరుగు తలుపులకు గాజు బిగించునపుడు, వెలకంటె ముందు ఆ ముద్రను అడుగవలెను.