మానా రన్‌వేకు రెండు డ్యూటీలు

పౌర విమానాలు, సైనిక విమానాలు ఒకే రన్‌వే వాడుకునే చోటు అంటే మనలో చాలామందికి ముందు విశాఖపట్నం గుర్తుకొస్తుంది. అక్కడ రన్‌వే నేవీది. 1991లో ఐ.ఎన్.ఎస్. డేగాగా కమిషన్ అయింది. పౌర విమానాలు నేవీ ఇచ్చిన వేళల ప్రకారం నడుస్తూ వచ్చాయి. రాయ్‌పూర్‌లో లెక్క తిరగబడింది. ఇక్కడ ఇల్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, ఎయిర్‌ఫోర్స్ చుట్టం.

ఊరికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న మానా పేరు పాతవాళ్లకు ఏరోడ్రోమ్ కంటే శరణార్థుల క్యాంపుగానే ఎక్కువ తెలుసు. 1964లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలను ఇక్కడ ఉంచి, దండకారణ్య ప్రాజెక్టు కింద బస్తర్‌కూ, మల్కన్‌గిరికీ పంపించారు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక రాజధాని ఎయిర్‌పోర్టు అయింది. 2012లో స్వామి వివేకానంద పేరు పెట్టారు. ఆయన చిన్నతనంలో రెండేళ్లు ఈ ఊళ్లో గడిపారు కదా! అదే ఏడాది నవంబర్‌లో కొత్త టెర్మినల్ తెరిచారు.

అసలు సంగతి 2009 చివర్లో మొదలైంది. ఆపరేషన్ త్రివేణి పేరుతో ఎయిర్‌ఫోర్స్ ఎం.ఐ.-17 హెలికాప్టర్లు నక్సల్ ప్రాంతాల్లోని బలగాలకు సాయంగా వచ్చాయి. సుక్మా నుంచి రాయ్‌పూర్‌కు రోడ్డు సుమారు 400 కిలోమీటర్లు, మధ్యలో కేశ్‌కాల్ ఘాట్. తూటా తగిలినవాణ్ణి ఆ దారిన తీసుకొస్తే ఏమవుతుందో యూనిఫాం వేసుకున్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఫస్ట్ ఎయిడ్ ఎంత బాగా చేసినా లోపల కారే రక్తాన్ని ఆపేది ఆపరేషన్ టేబులే.

2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది అమరులయ్యారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు పోయారు. ఆ రోజు గాయపడ్డవాళ్లను హెలికాప్టర్లలో రాయ్‌పూర్ తెచ్చారు. మర్నాడు మానాలోని నాలుగో బెటాలియన్ ఆవరణలో శవపేటికల మీద పుష్పగుచ్ఛాలు ఉంచారు. ఈ హెలికాప్టర్లకూ భద్రత ఏమీ లేదు. 2013 జనవరి 18న సుక్మా జిల్లాలో ఒకదానికి తూటాలు తగిలి అడవిలోనే దించవలసి వచ్చింది.

క్షతగాత్రులున్న విమానానికి కంట్రోల్ టవర్ ముందు దారి ఇవ్వాలన్నది రూలు. జెట్ విమానం వెనక గాలి సుడి తిరుగుతుంది కాబట్టి హెలికాప్టర్‌కూ దానికీ మధ్య ఎడం కూడా చూడాలి. అందుకని టికెట్ కొన్నవాళ్లు కాసేపు ఆగాలి. ఒకసారి నేనూ సీటు బెల్టు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. పక్కాయన గడియారం చూసుకుంటూ విసుక్కుంటుంటే కిటికీలోంచి హెలికాప్టర్‌నూ, దాని దగ్గరకు వెళ్తున్న అంబులెన్సునూ చూపించాను. మళ్లీ మాట్లాడలేదు.

2020 సెప్టెంబర్ 21న జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్, హైదరాబాద్‌ల మధ్య ఎ.టి.ఆర్. విమానం మొదలైంది. త్రివేణి రోజుల్లో మానాలో గాని, జగదల్‌పూర్‌లో గాని డ్యూటీ చేసిన సభ్యులుంటే తమ అనుభవాలను వచ్చే సంచికకు రాయవలసిందిగా కోరుతున్నాను. నేను ఆర్మీవాణ్ణి, బయటి నుంచి చూసినంతే రాయగలిగాను.